మరిడి ఇంటి పిలుపు

1. సోమవారం, పొద్దుటి పోటు

మా అమ్మాయికి ఇల్లొచ్చింది! ముందు ఈ ముక్క రాసేస్తే గాని నా చెయ్యి కుదురుగా నిలిచేలా లేదు. మా మరిడికి, అంటే గనగళ్ల మరిడమ్మకి, సముద్రం అడుగున ఉన్న మా లోతుపేట ఉత్తరం వీధిలో కిటికీ ఉన్న ఇల్లు! ఇన్నేళ్లూ అది వెల్డింగు ఆడపిల్లల గదిలో పై మంచం మీద పడుకుంది. నిద్రలేచి కూర్చుంటే తల పైకప్పుకి కొట్టుకునేది. ఇప్పుడు దానికో తలుపు. ఆ తలుపు మీద దాని పేరు. నిన్న చూసొచ్చాను, వేలితో ఒక్కో అక్షరం తడిమి మరీ చూశాను.

పిలుపుల ఆఫీసులో ఎస్తేరు గారు చెప్పినదాన్ని బట్టి, ఇంటి పిలుపు యంత్రం చేత చేయించుకుంటే ఒక సంతకం చాలు. మనిషి చేస్తే మాత్రం అది ఎలా పుట్టిందో రోజువారీగా రాసివ్వాలి. నేను చదివింది ఐదో తరగతి. అయినా రాస్తాను, ఎందుకు రాయను? ఇంత సంతోషం నోటితో చెబితే వినే ఓపిక మా ఆవిడకి ఎప్పుడో అయిపోయింది.

మొన్న బురద లేచినప్పుడు బయట నీళ్లలో పనిచేస్తున్న వాళ్లంతా ఎవరింటి పిలుపు పట్టుకుని వాళ్లు తడుముకుంటూ వచ్చేశారు. బురదలో చాచిన చెయ్యి కూడా కనపడదు. గోడల్లోంచి ఒక్కో ఇల్లూ తన గుర్తు పాటని, అదే పిలుపుని, మోగిస్తుంటే, హెల్మెట్‌లో దాన్ని ఏరుకుని నడవాలి. మా ఇంటిది యంత్రం ఇచ్చిన పిలుపు. బయటి గోడల మీద గుల్లలు గీకే పని నుంచి దిగిపోయే రోజు దాకా దాన్ని పట్టుకునే ఇంటికొచ్చాను, ఒక్కసారి కూడా ఇష్టంగా వినలేదు.

మరిడి నిన్న మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే అడిగింది.

“నాన, నా ఇంటి పిలుపు నువ్వే కొట్టాల.”

“నానేటి కొట్టీది అమ్మీ, నాకేటొచ్చు?”

“గిటారొచ్చు గదా!”

“అది ఇంటే మీ అమ్మకి అన్నం సయించదు.”

వంటగదిలోంచి నూకరత్నం అందుకుంది. “సయించకపోడమేటి, గొంతులోకి దిగదంతే.”

“అమ్మ మాటలకేంగానీ, వచ్చే ఆదివారం గృహప్రవేశం. చీకటి నడక నీ పాట మీదే నడుస్తాను,” అంది మరిడి.

ఆ నడక ఎలాంటిదో కూడా రాయాలి. హెల్మెట్ అద్దానికి నల్లగుడ్డ కట్టుకుని, వీధి చివరి స్తంభం నుంచి తన ఇంటి తలుపు దాకా కేవలం పిలుపు పట్టుకుని రావాలి. దారి పొడుగునా పక్కనే తాడు ఉంటుంది. తాడు ముట్టుకున్నా, వేరే తలుపు తట్టినా ఆ పిలుపు రద్దు. తర్వాత యంత్రం పిలుపే జన్మంతా.

నన్నడిగింది! యంత్రాన్ని కాదు, నన్ను!

2. మంగళవారం, మధ్యాహ్నం

పాట నా దగ్గర ఎప్పట్నుంచో ఉంది, పేరు లేకుండా. గోడల మీద గుల్లలు గీకేటప్పుడు చేతికి ఒక ఊపు వచ్చేది: రెండు పొడుగు గీతలు, ఒక చిన్న విసురు. పని మానేశాక చెయ్యి ఊరుకోలేదు. పైకి వెళ్లిపోయిన వంటవాడొకడు వదిలేసిన గిటారు మీద పడింది. చెమ్మకి దాని మెడ కాస్త వంగిపోయింది. తీగలు కూడా గిటారువి కావు, గాలిగొట్టాలు బిగించే తీగ సన్నగా సాగదీసి కట్టుకున్నవి. ఎవరూ నేర్పలేదు. బొటనవేలు లావు తీగ మీద ఆ రెండు గీతలూ గీస్తుంది, మిగతా వేళ్లు ఆ విసురు విసురుతాయి, ఆ విసురులోంచి చిన్న పాట ఒకటి లేచి మెల్లగా పైకెక్కుతుంది. ఇంతే నా విద్య.

ఆఫీసు ఇచ్చిన రికార్డరు మంచం మీద పెట్టి, ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాను. మొదటిసారి కొడుతుండగా నూకరత్నం నాచు పకోడీ మూకుట్లో వేసింది. రెండోసారి పక్కింటి వాళ్లు తలుపు గొళ్లెం బిగించారు. మూడోసారి అంతా బాగా కుదురుతోంది అనుకుంటుండగా నేనే “ఆహా!” అన్నాను.

ఆఖరికి ఒకటి నికరంగా వచ్చింది. వినేది ఎలాగూ హెల్మెట్‌లోనే కదా అని నా పాత హెల్మెట్ బోర్లించుకుని, రికార్డరు తీగ దానికి తగిలించి విన్నాను.

చప్పగా ఉంది.

తప్పు ఒక్కటీ లేదు. ప్రతి మెట్టూ దాని చోట అది ఉంది. కానీ పాట లేదు. ఎవరో నా పాటని బట్టలా పిండి ఆరేసినట్టుంది. మళ్లీ కొట్టాను, మళ్లీ విన్నాను, మళ్లీ అదే. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే నూకరత్నం “కూకో మావా, గదంతా నువ్వే ఉన్నావు,” అంది.

3. బుధవారం, సాయంత్రం పోటు

రాత్రంతా ఆలోచించి దోషం ఫ్యానుదే అని తేల్చుకున్నాను. గాలి శుభ్రం చేసే ఫ్యాను ఇరవై నాలుగ్గంటలూ గోడలో హుమ్మని మోగుతూనే ఉంటుంది. రికార్డరు ఆ మోతని ఏరి పారేస్తుందట. పారేసేటప్పుడు నా పాటలోది కూడా కొంత పట్టుకుపోతోందేమో! అందుకని ఇవాళ ఫ్యాను ఆపి కొట్టాను. ఆపొచ్చు, తప్పు లేదు. గాలి బరువెక్కేదాకా ఆపొచ్చు.

ఫ్యాను ఆగితే ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నూకరత్నం వంటగది లోంచి బయటికొచ్చి “ఏటయినాది?” అని నా మొహంలోకి చూసింది. ఇద్దరికీ ఎవరో పెద్దమనిషి గదిలోంచి లేచి వెళ్లిపోయినట్టు అనిపించింది.

కొట్టాను. కొడుతుండగానే తెలిసింది, చేతి కింద పాట నిలవడం లేదని. లావు తీగ ఎక్కడో గాల్లో మోగుతోంది, ఆనుకోడానికి చోటు లేనట్టు. అయినా వదల్లేదు. నూకరత్నం తల పట్టుకుంది. చివరి మెట్టు మీద వేలు పెట్టేసరికి గాలి చెడిందని చెప్పే గంట గణగణా మోగి, పాట ముగింపు అదే అయిపోయింది.

“మనిద్దర్నీ సంపీసి పాట కడతావేటి?” అంటూ వెళ్లి ఫ్యాను వేసింది.

తీగలు మార్చాను. వేళ్లు వేడినీళ్లలో కాచుకున్నాను. స్టూలు మార్చాను. ఎక్కడ కూర్చున్నా అదే చప్పదనం. అన్నం దగ్గర కూడా బల్ల మీద వేళ్లు కొట్టుకుంటూనే ఉన్నాయి.

4. గురువారం, పొద్దున

ఆఫీసుకి వెళ్లాను. ఎస్తేరు గారు నా రికార్డింగు విని, మొహమాటానికి కూడా బాగుందనలేదు. మంచి మనిషి. పోయినేడు బురదలో ఆవిడ తమ్ముడు రెండు ఇళ్ల పిలుపుల మధ్య తికమకపడి, ఎవరిదో గోడ తడుతూ ఉండిపోయాడు. వాళ్లు తలుపు తీసేసరికి అతని సీసాలో గాలి లేదు. అప్పట్నుంచీ ఆవిడ ప్రతి పిలుపునీ కళ్లు మూసుకుని వింటుంది.

“బాబాయ్ గారూ, పిలుపు బాగుండక్కర్లేదు. దొరకాలి,” అంది.

“దొరకదంటారా?”

“ఇలా ఉంటే పక్క పిలుపుల్లో కరిగిపోతుంది. యంత్రం చేత ఒకటి చేయించి ఉంచాను, వినండి.”

విన్నాను. గట్టిగా, కోసుగా, మేకు దిగినట్టుంది. అది పట్టుకుని ఎవరైనా ఇంటికొస్తారు. ఎవరైనా.

దారంతా నాతో నేనే మాట్లాడుకుంటూ వచ్చాను. మరిడి రోజూ నీళ్లలోనే ఉంటుంది. రేపు బురద లేస్తే దాని ప్రాణం నా ఐదు వేళ్ల మీద ఉంటుంది. నా సంతోషం కోసం దాన్ని గోడ బయట నిలబెడతానా? అలాగని యంత్రానికి అప్పజెబితే, అది అడిగిన మొదటి కోరిక తీర్చలేని తండ్రినవుతాను. చిన్నప్పుడు కూడా ఏమీ అడిగేది కాదు. పెళ్లి చెడి వచ్చిన రోజు కూడా “అన్నం ఉందా?” అని మాత్రమే అడిగింది.

సాయంత్రం అదే వచ్చింది, వెల్డింగు వాసనతో.

“ఏదీ నాన, ఇనిపించు.”

“ఆదివారం ఇంటావు గదే.”

“పాట మొదలు ఒక్కటీ!”

“ఏవీ లేదు. పొయ్యి అంటుకుంటే గదా కూరుడికేది!”

నవ్వింది. “నీ మొకం సూస్తే కూర మాడిపోయినట్టున్నాది,” అని వెళ్లిపోయింది. ఆదివారానికి యంత్రం పిలుపే పెట్టించేద్దామని దాదాపు నిశ్చయించుకున్నాను.

5. శుక్రవారం, మధ్యాహ్నం

ఈ రోజు గురించి రాయడానికి చెయ్యి తొందరపడుతోంది, కాస్త ఆగు అని దాన్ని కసురుతున్నాను.

పొద్దున ఆఖరి ప్రయత్నంగా ఒకసారి కొట్టి, హెల్మెట్ పెట్టుకుని విన్నాను. అదే చప్పదనం. విసుగొచ్చి హెల్మెట్ తీసి మంచం మీద విసిరేశాను. తీగ ఊడిపోయి రికార్డరు దానంతట అదే గదంతా వినపడేలా మోగసాగింది. నూకరత్నం వంట మానేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పాట అయిపోయే దాకా కదల్లేదు.

“ఇదేనేటి నువ్వు పారేస్తానంటన్న పాట?” అంది.

“ఇదే. ఎలాగుందో నువ్వూ ఇన్నావు గదా.”

“బాగున్నాది.”

“ఏడిపించకు.”

“బాగున్నాదంటే ఏడిపించడమేటి మావా? పెళ్లయిన కాడ్నుంచి నీ వాయింపు నాను బాగున్నాదన్నానా ఎప్పుడైనా? ఇప్పుడంటన్నాను. రాసి పెట్టుకో.”

“నీకు చెవులు పోనాయి.”

“నీకు బుర్ర పోనాది!” అంటూ మొదలెట్టింది. ఎంత గట్టిగా తిట్టిందంటే మధ్యలో గొంతుపట్టీ బ్యాటరీ అయిపోయింది. హీలియం కలిపిన మా ఊరి తేలికగాలిలో ఆ పట్టీ లేకపోతే మనిషి గొంతు కోడిపిల్ల గొంతవుతుంది. కోడిపిల్ల నా వంశాన్నంతా తిడుతోంది. నాకు నవ్వాగలేదు. దానికీ ఆగలేదు. ఇద్దరం మంచం మీద కూలబడి నవ్వుకున్నాం.

నవ్వుతూనే అది హెల్మెట్ తీసి తన తల మీద బోర్లించుకుంది. తీగ తగిలించి పాట పెట్టాను. దాని మొహంలో నవ్వు మెల్లగా పోయింది. పట్టీ మార్చుకుని చెప్పింది.

“ఓలమ్మో! ఇదేటి మావా, ఉప్పేయని కూరలాగున్నాది?”

“నానేటి చెప్తన్నాను నాలుగు రోజుల్నుంచీ!”

“మరి బయట బాగున్నాదే? అదే పెట్టె. అదే పాట.”

హెల్మెట్ తీసి విన్నాం. బాగుంది. పెట్టుకుని విన్నాం. చప్పగా ఉంది. తీశాం. బాగుంది. హెల్మెట్ పెట్టుకుంటే ఏం పోతుంది, గదిలోది ఏం వినపడకుండా పోతుంది అని నేనింకా తడుముకుంటుండగానే, నూకరత్నం లేచి గోడ దగ్గరికెళ్లి ఫ్యాను ఆపింది. గదిలో మోగుతున్న పాట అక్కడికక్కడే నీరుగారిపోయింది. వేసింది. పాట లేచి నిలబడింది.

“నీ పాటలో సగం ఫ్యానుదే మావా,” అంది.

తంబూరా! నా జన్మలో గిటారు మీటింది ఒక్కసారైనా ఫ్యాను లేకుండానా? లావు తీగ ఎప్పుడు బిగించినా ఆ హుమ్ముకే చెవొగ్గి బిగించుకున్నాను, అలా చేస్తున్నానని నాకే తెలియదు. పాట పుట్టింది దాని మీద ఆనుకుని. నేనేమో ఒకటికి నాలుగు రోజులు దాన్ని ఊడబీకి, పాటని ఒంటికాలి మీద నిలబెట్టి, ఎందుకు కుంటుతోందని తిట్టాను.

నూకరత్నాన్ని ఎత్తి తిప్పబోయాను. నడుం పట్టేసింది. అయినా సరే!

పరుగున ఎస్తేరు గారి దగ్గరికెళ్లి చెప్పాను. రికార్డింగులో ఫ్యాను మోత ఉండకూడదనే నియమం మాత్రం మారదంది, అన్ని ఇళ్లకీ ఫ్యానుంది కాబట్టి. నేను డీలా పడబోతుంటే ఆవిడే ఆగి అంది: “కానీ బాబాయ్ గారూ, పిలుపు మోగేది ఇంటి గోడలోంచి. గోడ ఎలాగూ ఫ్యానుతో మోగుతూనే ఉంటుంది. నీళ్లలో మీ పాట ఒక్కటే వినపడదు కదా?”

వినపడదు! గోడే శ్రుతి పెడుతుంది! గంతులేసుకుంటూ ఇంటి దారి పట్టాను. సగం దారిలో కాళ్లు ఆగిపోయాయి.

ఏ ఇంటి గోడ?

6. శనివారం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా

మరిడి ఇల్లు ఇంకా ఖాళీ. దాని దగ్గర తాళం తీసుకుని గిటారు, స్టూలు, రికార్డరు మోసుకుని వెళ్లాను. తలుపు తీసి లోపల నిలబడి చెవొగ్గాను. ఆ ఇంటి ఫ్యాను కొత్తది. మాది ముసలి దున్నలా మూలుగుతుంది. దీనిది సన్నగా, ఎత్తుగా, పనిలో పడి కూనిరాగం తీసే ఆడపిల్లలా ఉంది. నిన్నటి రికార్డింగు పెట్టి చూశాను. పాటా ఫ్యానూ ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. పళ్లు జివ్వుమన్నాయి. ఇది పట్టుకుని మరిడి నడిచి ఉంటే అమ్మో, తలుచుకోను.

నా పాటని నా ఇంటికి కట్టాను. దాని ఇంటికి కదా కట్టాల్సింది.

లావు తీగ ఆ ఇంటి మోతలో కలిసేదాకా బిగించాను. దాన్నిబట్టి మిగతావి. గిటారు మెడ కిర్రుమంది. నాలుగో తీగ దగ్గరికొచ్చేసరికి టప్పుమని తెగి నా బుగ్గ మీద కొట్టింది. వేరే తీగ ఎక్కిస్తే అదీ తెగింది. ఆ ఎత్తుకి ఆ తీగ నిలవదు. ముగింపంతా దాని మీదే ఉంది! చెమటలు పట్టాయి. ఖాళీ గదిలో గోడ నుంచి గోడకి తిరిగాను, కిటికీలోంచి చూసి వీధి దీపాల్ని కూడా తిట్టాను.

మధ్యాహ్నం నూకరత్నం క్యారేజీ తెచ్చింది. తెగిన తీగ చూసి, బుగ్గ చూసి, కొంగు తడిపి అద్దింది.

“ఆ తీగ లేకుండా కొట్టు.”

“ముగింపు పోతాది.”

“వేరే ముగింపు పెట్టు. పాత ముగింపు మన ఇంటిది. అమ్మి ఎలాగూ ఎరగదు.”

ఆవిడ గోడకి చేరగిలబడి కూర్చుంది. నేను ఉన్న తీగల మీద వెతుక్కున్నాను. పాత ముగింపు కిందికి దిగి కూర్చునేది, పని నుంచి వచ్చిన మనిషిలా. దిగడానికి ఆ నాలుగో తీగ లేదు కాబట్టి ఇప్పుడది దిగలేక, ఆ ఇంటి కూనిరాగంతో పాటు పైనే ఉండిపోయింది, కాసేపు తిరిగి తిరిగి. మొదట చేతికి పరాయిగా అనిపించింది. సాయంత్రానికి చెయ్యి ఒప్పుకుంది.

రికార్డు చేస్తున్నప్పుడు నూకరత్నం ఊపిరి కూడా బిగబట్టింది. ఒక్కసారే కొట్టాను. విన్నాం, హెల్మెట్ లేకుండా, ఆ ఫ్యాను కింద. నూకరత్నం క్యారేజీ గిన్నెలు సర్దుకుని, నా గిటారు కూడా తనే మోసింది.

7. ఆదివారం, పోటు ముగిశాక

వీధంతా వచ్చింది. మరిడి స్తంభం దగ్గర నీళ్లలో ఉంది, అద్దానికి నల్లగుడ్డతో. ఎస్తేరు గారు దానికి పాట మొదలు ఒక్కటే, ఒక్కసారి వినిపించింది. అంతకంటే వినిపించకూడదు. పిలుపు ముమ్మారు మోగుతుంది. మూడోది ముగిసేలోగా తలుపు మీద చెయ్యి పడాలి. చెయ్యి పడగానే పిలుపు ఆగిపోతుంది.

నేను మరిడి ఇంట్లో, కిటికీ దగ్గర. నూకరత్నం పొయ్యి మీద కొత్త గిన్నెలో పాలు పెట్టింది. ఎస్తేరు గారు నా పక్కన కళ్లు మూసుకుని నిలబడింది.

మీట నొక్కారు. మా పిలుపుతో పాటు వీధిలో ఉన్న ప్రతి ఇంటి పిలుపూ ఒక్కసారిగా లేచింది. బురద రోజున అలాగే ఉంటుంది కదా. టింగుటింగులు, గణగణలు, ఈలలు. ఆ సంతలో నా గిటారు ఎక్కడ? నాకే వినపడలేదు! నేనున్నది దాని గోడకి ఇవతల, అయినా వినపడలేదు. కిటికీ చట్రం పట్టుకున్నాను.

మరిడి కదిలింది. నాలుగడుగులు నడిచి ఆగింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. దాని చెయ్యి తాడు వైపు వెళ్లింది. “వద్దమ్మీ, వద్దు తల్లీ,” అని కిటికీకి చెబుతున్నాను. చెయ్యి వెనక్కి వచ్చింది. పక్కింటి వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. తర్వాత, ఎవరో భుజం పట్టి తిప్పినట్టు, మా వైపు తిరిగింది.

రెండోసారి మోగుతుండగా తిన్నగా వచ్చింది. తిన్నగా! బురదలో చేపపిల్ల వచ్చినట్టు! నేను ఏడుస్తున్నానని నూకరత్నం చెబితే తెలిసింది.

తలుపుకి చెయ్యి చాపితే అందేంత దూరంలోకి వచ్చి, ఆగిపోయింది.

చెయ్యెత్తలేదు. మూడోది మొదలైంది. మరిడి బొమ్మలా నిలబడే ఉంది. తలుపు ఎదురుగా ఉందని తెలియదా? దారి తప్పిందా? ఇంకొక్క అడుగే కదా! పాట పైకెక్కుతోంది, సగమైంది, ముగింపులోకి వచ్చేసింది. “తట్టవే!” అని అరిచాను. అద్దం అవతలికి వినపడదు. ఎస్తేరు గారు కళ్లు తెరిచి చూసింది, పెదవి కొరుక్కుంది. ముగింపు తిరిగింది, ఇంకోసారి తిరిగింది, ఆఖరి మెట్టు సాగుతూ సన్నబడుతోంది...

టక్.

మరిడి చెయ్యి తలుపు మీద పడింది.

తలుపు వెనక చిన్న గదిలో నీళ్లు దిగిపోయాక హెల్మెట్ తీసి లోపలికొచ్చింది. నేను రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాను.

“ఏటే అలా నిలబడిపోనావు? నా గుండాగిపోనాది! తలుపు తెలీలేదా?”

“తెలిసింది నాన.”

“మరి తట్టవేటి?”

“తడితే ఆగిపోద్ది గదా,” అంది. తడి జుట్టు వెనక్కి తోసుకుని నా బుగ్గ మీద గీత చూసింది. “అక్కడ్నుంచి నడిసినంతసేపూ దారి కోసం ఇన్నాను. తలుపు కాడికొచ్చినాక పాట కోసం ఇన్నాను.”

ఎస్తేరు గారు అటు తిరిగి సంతకం పెడుతోంది. నూకరత్నం వచ్చి కూతురి మొహం కొంగుతో తుడవసాగింది. వెనకాల పాలు పొంగి పొయ్యంతా పారుతున్నాయి, ముగ్గురం చూస్తూనే ఉన్నాం, దించాలని ఎవరికీ తోచలేదు.